నాన్న తీసిన కరెంటు

మా బ్రాంచి పేరు కంప్యూటర్ సైన్స్ అండ్ సిస్టమ్స్ ఇంజినీరింగ్. కోటబొమ్మాళిలో మా అమ్మని ఎవరైనా అడిగితే, "కంప్యూటరే గానీ మామూలు కంప్యూటర్ కాదు, దానికింకో ముక్కున్నాది" అని చెప్పేది. ఆ ఇంకో ముక్క ఏమిటో మూడో ఏడాదిలో మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌కి వచ్చేదాకా నాకూ తెలీదు. అక్కడ మానిటర్లుండవు, మౌసులుండవు. బల్ల మీద ఒక కిట్టు ఉంటుంది. దాని మీద లెక్కల మిషన్‌కి ఉన్నట్టు కొన్ని మీటలు, ఎర్రగా వెలిగే అంకెల గళ్ళు. ప్రోగ్రాం మొత్తాన్ని ముందు కాగితం మీద అంకెల్లోకీ అక్షరాల్లోకీ మార్చుకుని, ఒక్కొక్క జత చొప్పున మీటలు నొక్కి లోపలికి పంపాలి. ఎక్కడ వేలు జారినా అంతే సంగతులు. అన్నీ సరిగ్గా నొక్కి ఆఖర్న 'గో' కొడితే జవాబు గళ్ళలో వెలుగుతుంది. దాన్నే అవుట్‌పుట్ అంటారు. అది వచ్చిందంటే ఆ రోజు క్యాంటీన్‌లో సమోసా తిన్నా తప్పు లేదనిపించేది.

ఆ కిట్లకి ఒక జబ్బుండేది. కరెంటు పోతే అన్నీ మర్చిపోతాయి. లోపల చిన్న బ్యాటరీ ఉండాలిట. మేం చేరకముందే అవన్నీ చచ్చిపోయాయి, మార్చినవాడు లేడు. గంటసేపు కూర్చుని నొక్కినదంతా కరెంటు రెప్పవేసి తీస్తే పోయేది. ఆ ఏళ్ళలో కరెంటు రెప్ప వేస్తే మళ్ళీ తియ్యడానికి రెండు గంటలు పట్టేది.

కోతల కాలం అది. ఏ లైనుకి ఏ పూట కోతో పేపర్లో వేసేవారు. మిగతా జనానికి అది పేపర్లో వార్త, మాకు ఇంట్లో సంగతి. మా నాన్న విజయనగరానికీ సముద్రానికీ మధ్య ఉన్న ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు. ఇంత లోడు తగ్గించమని పైనుంచి ఫోనొస్తే, బోర్డు మీద సుద్దముక్కతో రాసున్న ప్రకారం ఒక్కో లైనూ ఆపడం, మళ్ళీ వెయ్యడం ఆయన పని. అమ్మ కోటబొమ్మాళిలో ఉండి వరి చేను చూసుకునేది. నేను నాన్నతో పాటు సబ్‌స్టేషన్ పక్కనే ఉన్న క్వార్టర్లో ఉండి కాలేజీకి బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. మా కాలేజీ కరెంటు ఆ సబ్‌స్టేషన్ నుంచే వచ్చేది. ఇంకేముంది, క్లాసులో ఫ్యాను ఆగితే చాలు, అరవై తలకాయలూ నా వైపు తిరిగేవి. "మీ నాన్నకి ఫోన్ చెయ్యవే" అని వెనకబెంచీ వాళ్ళు, "మీ ఇంట్లో గొడవలేమన్నా ఉంటే ఇంట్లోనే చూసుకోండి" అని ముందుబెంచీ వాళ్ళు. నాకు అసలే నోరు తొందర. నోరు మంచిదైతే ఊరు మంచిదని అమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది. వాళ్ళకి నేనిచ్చే జవాబుల వల్ల నా చుట్టూ చనువుగా మిగిలింది ఒక్క స్నేహితురాలే.

ఆ పిల్లది పూసపాటిరేగ దాటి సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. నాన్న వేటకెళ్తాడు, అమ్మ ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, ఐసులో పెట్టి ఊళ్ళమ్మట అమ్ముతుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివి, ఇక్కడికొచ్చి ఇంగ్లీషు పుస్తకాల మధ్య పడింది. తెలివికి తక్కువ లేదు. ఒకసారి చెవిన పడ్డది మర్చిపోయేది కాదు. పుస్తకంలో చదివింది మాత్రం బుర్రకెక్కేది కాదు. మూడో ఏడాది ఆఖరికి వెనక పేపర్లు ఎన్ని మిగిలిపోయాయంటే, ఇంకొక్కటి పోతే నాలుగో ఏడాదిలోకి పంపరు. థియరీ ఎలాగో గట్టెక్కించాం. మిగిలింది ఈ ల్యాబ్ పరీక్ష. ఏడాది ఆగి మళ్ళీ రాయొచ్చు కదా అని క్లాసు టీచరు తేలిగ్గా అన్నారు. వాళ్ళింట్లో ఏడాది ఆగడమంటే ఆగిపోవడమే. ఆ సంగతి దానికి తెలుసు, నాకు తెలుసు.

పరీక్షకి వారం ముందు నోటీసు బోర్డు మీద టైము పెట్టారు. మా బ్యాచ్ పొద్దున్న పదింటి నుంచి ఒంటిగంట దాకా. మా కాలేజీ లైనుకి కోత పదకొండు నుంచి ఒంటిగంట దాకా. నేను నోటీసు చూసి నేరుగా ల్యాబ్ ఇన్‌చార్జి సార్ దగ్గరికి వెళ్ళాను.

"మధ్యాహ్నానికి మార్చండి సార్. పదకొండింటికి కరెంటు పోతుంది."

"మధ్యాహ్నం కుదరదమ్మా. పరీక్ష పెట్టడానికి వేరే కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ గారు సాయంత్రానికి అరసవల్లి దర్శనానికి వెళ్ళాలి. కారు కూడా మాట్లాడేశాను." సార్ నవ్వి, "అయినా నువ్వుండగా మాకు కరెంటుకేం లోటు? మీ నాన్నగారికి ఒక మాట చెప్పు" అన్నారు.

అడగడం నాకిష్టం లేదు. నా ఒక్కదాని కోసమైతే అడిగేదాన్నే కాదు. ఆ సాయంత్రం నా స్నేహితురాలు మా క్వార్టర్‌కి వచ్చింది. పరీక్ష దాకా మా ఇంట్లోనే ఉండి ఇద్దరం చదువుకోవాలని అనుకున్నాం. నాన్న అన్నం తింటుంటే పక్కన కూర్చుని చెప్పాను. పదకొండు నుంచి ఒంటిగంట దాకా, ఒక్క రోజు, ఒక్క లైను.

నాన్న ముద్ద మింగి, "ఉంచమంటే ఉంచగల్ను" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "దాని బదులు ఇంకోటి తియ్యాల. పైవోడికి లోడు తగ్గాల, అంతే. ఏది తియ్యమంటావో నువ్వే సెప్పు."

"ఏవేవి ఉన్నాయి?"

"నీళ్ళ పంపులది ఒకటి. ఆస్పత్రి దాన్లోనే ఉన్నాది. పొలాల మోటార్లది ఒకటి, దానికిచ్చిందే అరకొర. బీచి వైపుది ఒకటి."

నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. గడప దగ్గర కూర్చున్న నా స్నేహితురాలు ముందు అందుకుంది. బీచి వైపు లైను మీదే వాళ్ళ ఐసు ఫ్యాక్టరీ ఉంది. పదకొండు అంటే పడవలొచ్చి, బుట్టలు ఐసు కోసం వరసలో ఉండే వేళ. ఎండాకాలం. ఐసు లేకపోతే మధ్యాహ్నానికి చేప మెత్తబడుతుంది, సాయంత్రానికి ఎవరూ ముట్టరు.

"మాది తీసీ మావా" అంది. "మా అమ్మకి నాను సెప్పుకుంటాను."

నాన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, "మీ ఊర్ల నువ్వొక్కదానివే ఉన్నావేటమ్మా?" అని అడిగాడు.

అది తల దించుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది నీ వరస. అదే ఇస్తానంటుంటే నీకేంటి? ఈ పరీక్ష పోతే దీని చదువే పోతుంది, తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"తెలిసీ తీస్తావా?"

"బోర్డు మీద ఏటి రాసుంటే అది తీస్తాను" అని చెప్పి నాన్న బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు.

మర్నాడు సార్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా నాన్న తీసేస్తారు సార్, ఉంచనన్నారు, జనరేటర్‌లో డీజిల్ పోయించండి అన్నాను. సార్ పడీ పడీ నవ్వారు. "కూతురు పరీక్ష రాస్తుంటే ఏ తండ్రి కరెంటు తీస్తాడమ్మా! నువ్వు చదువుతావో లేదోనని బెదిరిస్తున్నారు" అన్నారు. పక్కనున్న అటెండరు కూడా నవ్వాడు. క్లాసులో చెబితే, నేను గొప్పలు పోతున్నానని అనుకున్నారు. మా వైపు లెక్క అంతే. కరెంటాఫీసులో మావ ఉంటే కరెంటు పోదు, బస్సులో బావ కండక్టరైతే టికెట్టు ఉండదు, గుడిలో తెలిసినవాళ్ళుంటే క్యూ ఉండదు. చుట్టాన్ని పెట్టుకుని కూడా పని కాకపోవడమనేది వాళ్ళ ఊహకే అందలేదు. పరీక్ష ముందు రోజు మళ్ళీ వెళ్ళి డీజిల్ సంగతి అడిగాను. "నీకెందుకమ్మా ఆ టెన్షన్, వెళ్ళి చదువుకో" అన్నారు సార్.

నన్ను నమ్మింది నా స్నేహితురాలొక్కతే. "మావ తీసెస్తాడు" అంది, వానొస్తుంది అన్నంత మామూలుగా. "గంటే ఉన్నాది మనకి. గంటలో అయిపోవాల."

ఆ వారమంతా మేం చేసిన పని ఇప్పటికీ నా వేళ్ళకి గుర్తుంది. ఇంట్లో కిట్టు లేదు కదా. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో మీటలు గీసుకున్నాం. పరీక్షలో రాదగ్గ ప్రోగ్రాములు ఒక్కొక్కటే తీసి, అట్ట మీద నొక్కడం. కాగితం చూసి, వేలు చూసి, మళ్ళీ కాగితం చూసేసరికి దానికి ఆలస్యమైపోయేది. చూడకుండా నొక్కాలి. కానీ బి ఈ, సున్నా సున్నా, రెండు సున్నా అని చదువుతుంటే అది బుర్రలో నిలిచేది కాదు. ఒక సాయంత్రం విసుగొచ్చి, "మీ అమ్మ ఒడ్డున చేపలు పాడుతుంది కదే, ఆ అంకెలన్నీ ఎలా గుర్తుంటాయి?" అన్నాను. ఎగతాళికే అన్నాను. అది అట్ట పక్కన పెట్టి, కాసేపు పెదాలు కదిపి, ఆ కోడ్లన్నింటినీ వేలంపాట వరసలో ఎత్తుకుంది. బీ ఈ సున్నా సున్నా, రెండు సున్నా ఒకటోసారి. నేను నవ్వాపుకోలేక గోడకి జారబడ్డాను. కానీ ఆ పూటకే ఒక ప్రోగ్రాం మొత్తం వచ్చేసింది. మిగతావన్నీ కూడా పాటలోకే దింపాం. నాన్న కంట్రోల్ రూము నుంచి వస్తూ గుమ్మంలో ఆగి వినేవాడు. నేను ఆయనతో మాట్లాడడం మానేసి అప్పటికి కొన్నాళ్ళయింది. కంచం పెట్టేదాన్ని, అంతే.

పరీక్ష రోజు మేం లేచేసరికే నాన్న ఖాకీ చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. స్టవ్ మీద గిన్నెలో ఉప్మా చేసి మూత పెట్టి ఉంది. నేను తినలేదు. నా స్నేహితురాలు రెండు ప్లేట్లు తింది. "కోపం ఉప్మా మీదేటే" అంది.

పదింటికి ల్యాబ్‌లో చీటీలు తీయించారు. చీటీలో ఏ ప్రోగ్రాం వస్తే అది చెయ్యాలి. నచ్చకపోతే ఒకసారి మార్చుకోవచ్చు గానీ మార్కులు కోస్తారు. దానికి అంకెల్ని చిన్న నుంచి పెద్దకి సర్దే ప్రోగ్రాం వచ్చింది. అది దాని పాటల్లో ఉన్నదే. చీటీ చూసి నా వైపు చూసిన చూపులోనే తెలిసిపోయింది. నాకు కష్టమైనదే వచ్చింది. మార్చుకోలేదు. ఎక్స్‌టర్నల్ గారు బట్టతలాయన, నెమ్మదస్తుడు. అందరి చీటీలూ రాసుకుని, అవుట్‌పుట్ రాగానే చెయ్యెత్తమన్నారు. తను కళ్ళారా చూస్తేనే మార్కులని చెప్పారు.

గోడ గడియారం నా నెత్తి మీద ఉంది. ప్రోగ్రాం కాగితం మీద రాసి, కోడ్లలోకి మార్చి చూపించడానికే సగం పైన పోయింది. సార్ ఆ సరికి ఎక్స్‌టర్నల్ గారికి టిఫిను తెప్పించి పక్క గదిలోకి తీసుకెళ్ళారు. ల్యాబ్‌లో మీటల చప్పుడు తప్ప ఏమీ లేదు. మిగతావాళ్ళు తాపీగా నొక్కుతున్నారు, ఒంటిగంట దాకా టైముందని. నా స్నేహితురాలు కళ్ళు సగం మూసుకుని, పెదాలు కదుపుతూ, వేళ్ళు పరుగులెత్తిస్తోంది. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. వేలు జారినట్టుంది. వెనక్కి వెళ్ళి సరిచూసుకుంటోంది. నా కిట్టు మీద నా చేతులు ఆగిపోయాయి. దాని మెడ మీద చెమట ధారలు కనిపిస్తున్నాయి. గడియారం చూశాను. పదకొండుకి ఇంకా కొంచెం ఉంది. మళ్ళీ నొక్కడం మొదలుపెట్టింది. ఆఖరి మీట. గో.

ఎర్ర గళ్ళలో అంకెలు ఒక్కొక్కటే వరసగా వచ్చాయి. చిన్నది, దాని కంటే పెద్దది, ఇంకా పెద్దది. నేను చూశాను. అది చెయ్యెత్తింది.

చూసేవాళ్ళు లేరు. పక్క గదిలోంచి గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. అది చెయ్యి దించకుండా తలుపు వైపే చూస్తోంది. నేను లేచి, "సార్!" అని అరిచాను. "వస్తున్నాం, వస్తున్నాం" అన్నారు లోపల్నుంచి. కుర్చీ జరిగిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు. ఎక్స్‌టర్నల్ గారు చేతిరుమాలుతో మూతి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

ఫ్యాన్లు ఆగాయి. గళ్ళన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

కాసేపు ఎవరికీ ఏం జరిగిందో అర్థం కాలేదు. తర్వాత అరవడం మొదలైంది. ఎవడో బల్ల మీద గుద్దాడు. సార్ కిటికీలు తీయించి, నా వైపు తిరిగి, "ఏంటమ్మా ఇది? మీ నాన్నగారికి ఫోన్ చెయ్యి ముందు" అన్నారు.

"చేసినా వెయ్యరు సార్. మీకు చెప్పాను."

నా స్నేహితురాలు చెయ్యి ఇంకా దించలేదు. ఎక్స్‌టర్నల్ గారు దాని దగ్గరికి వచ్చారు.

"అవుట్‌పుట్ వచ్చింది సార్."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను సార్" అన్నాను. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేను చూడలేదు కదమ్మా. చూడనిదానికి మార్కులు ఎలా వెయ్యను?" అన్నారాయన. కోపంగా అనలేదు. అందుకే భయమేసింది. కోప్పడేవాళ్ళని బతిమాలచ్చు.

దాని మొహం తెల్లబడింది. ఆరిపోయిన కిట్టు వైపు చూసింది. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని, "కిట్లోది పోనాది సార్. నా కాడ ఉన్నాది" అంది. ఆయన ఏదో అనబోయేలోపే ఎత్తుకుంది. బీ ఈ, సున్నా సున్నా, రెండు సున్నా. ఎనిమిది ఏ, సున్నా సీ. నిలబడి, నేల చూపులు చూస్తూ, ఆపకుండా, ఒడ్డున వాళ్ళమ్మ పాడే వరసలోనే. ల్యాబంతా ఘొల్లుమంది. ఎక్స్‌టర్నల్ గారు నవ్వలేదు. దాని కాగితం చేతిలోకి తీసుకుని వేలితో ఒక్కో జతా సరిచూసుకుంటూ వచ్చారు. సగంలో ఆపి, "ఇక్కడి నుంచి వెనక్కి ఎగరమన్నావు కదా, ఎక్కడికి వెళ్తుంది?" అని అడిగారు. అది పాటలోంచి బయటికొచ్చి, వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టి, పోలిక చేసే చోటికి అని చెప్పింది. ఎందుకని అడిగారు. అన్నీ సర్దడం అయ్యేదాకా తిరగాలి కదా సార్ అంది. ఆయన కాగితం మీద మార్కులు వేసి, సంతకం పెట్టారు. అది బల్లని పట్టుకుని కూలబడినట్టు కూర్చుంది. నాకు ఆ క్షణంలో నా పరీక్ష సంగతే గుర్తు లేదు. గెలిచాం అనుకున్నాను.

తర్వాత అందరికీ నోటి పరీక్షే అన్నారు. నా వంతు వచ్చింది.

"ప్రాసెసర్ ఎట్టి పరిస్థితుల్లోనూ కాదనలేని ఇంటరప్ట్ ఏది?"

ఇంటరప్ట్ అంటే చేసే పని ఆపించి తన సంగతి చూడమనే పిలుపు. కొన్నింటిని వినకుండా ఉండచ్చు. ఒకదాన్ని మాత్రం ప్రాసెసర్ కాదనడానికి వీల్లేదు. దాని పేరు చెప్పాను.

"దేనికి వాడతారు?"

"కరెంటు పోతున్నప్పుడు సార్."

"కరెంటు పోయాక ఇంటరప్ట్ వచ్చి ఏం లాభం?"

జవాబు నాకు తెలుసు. పోయేది ఒక్కసారిగా పోదు, లోపల రవ్వంతసేపు ప్రాణం మిగులుతుంది, ఆ రవ్వంతలో ముఖ్యమైనవి దాచుకోవాలి. నోరు తెరవబోతున్నాను. ఇంతలో మా సార్, ఎక్స్‌టర్నల్ గారి ముందు తన పరువు పోయిందన్న బాధో ఏమో, నవ్వుతూ అడ్డొచ్చారు. "ఆ ఇంటరప్ట్ వీళ్ళ నాన్నేనండీ. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కన్నకూతురి పరీక్షని కూడా చూడని మనిషి!"

ల్యాబంతా నవ్వింది. వారం రోజులుగా నేను నాన్నని అంతకంటే ఎక్కువే తిట్టుకున్నాను. కానీ అవి నా తిట్లు, మా ఇంటి తిట్లు.

"మా నాన్న ఏం చేస్తారో వారం ముందే చెప్పారు, చెప్పినట్టే చేశారు సార్" అన్నాను. "మీ జనరేటర్‌లో డీజిల్ పొయ్యమని నేను మీకు చెప్పాను, నిన్న మళ్ళీ చెప్పాను. అనాలంటే ఆ జనరేటర్‌ని అనండి, మా నాన్ననెందుకు అంటారు?"

నవ్వులు ఆగిపోయాయి. ఎక్స్‌టర్నల్ గారు సార్ వైపు చూశారు. సార్ మొహం ఎర్రబడింది. "బయటికి పో" అన్నారు. ఎక్స్‌టర్నల్ గారు ఏదో సర్దబోయారు గానీ నేను ఆగలేదు. బ్యాగు తీసుకుని వచ్చేశాను. ఇవాళ అడిగినా అదే అంటాను, అలాగే వచ్చేస్తాను. ఆ బ్యాచ్‌లో అందరూ పాసయ్యారు, నేను తప్ప.

నా స్నేహితురాలు గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. "సారీ సెప్పీవే, ఎళ్ళి సారీ సెప్పీ" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. దాన్ని వాళ్ళ ఊరి బస్సెక్కించి నేను క్వార్టర్‌కి వచ్చాను. మెట్ల మీద కూర్చున్నాను. సాయంత్రం నాన్న వచ్చి నన్ను చూసి, "ఆ గుంట?" అని నా స్నేహితురాలి సంగతి అడిగాడు.

"పాసైంది."

"నువ్వు?"

"పోయింది." ఎలా పోయిందో చెప్పలేదు. సార్ ఏమన్నారో అస్సలు చెప్పదల్చుకోలేదు. నాన్న లోపలికి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు.

ఇంకాసేపటికి పక్క క్వార్టర్‌లో ఉండే ఇంకో ఆపరేటరు వచ్చాడు. నేను ఆయన్ని మావా అని పిలిచేదాన్ని. వాళ్ళ షిఫ్టులు ఎవరిది ఎప్పుడో నాకెప్పుడూ తెలిసేది కాదు. ఆయన నా పక్కన నిలబడి, లోపలికి వినబడేలా, కోపంగానే అన్నాడు. "ఒలె అమ్మా, ఈ దినం డ్యూటీ నాదే. మీ అయ్యకి సెలవు. నాను సెప్పేను, బావా, నువ్వు ఇంటికాడ పడుకో, గుంట పరీచ్చ కదా, కాలేజీది ఉంచీసి బీచిది తీసెస్తాను, నీ మీదకి మాట రాదు, నా మీదకే వస్తాదని. ఇంటేనా? పొద్దుటేల వచ్చి నా కుర్సీల కూకున్నాడు. నన్ను ముట్టుకోనీనేదు. తన సేత్తోనే తీసినాడు."

నేను లేచి లోపలికి వెళ్ళాను. నాన్న వంగి గిన్నె తోముతున్నాడు.

"సెలవు రోజున పనిగట్టుకుని వెళ్ళి తీశావా?" అన్నాను. వారం తర్వాత ఆయనతో నేను మాట్లాడిన మొదటి పూర్తి మాట అది. "నీకేం పట్టింది నాన్నా? ఆయన తీయనంటే ఊరుకోలేకపోయావా? అది నువ్వు ఉంచినట్టు కూడా అవదు కదా."

నాన్న చేతులు కడుక్కున్నాడు. "మీ సారు ఊరంతా సెప్పీసేడు గదా, నాను తియ్యనని" అన్నాడు. "టీ కొట్టు కాడ కూడా అదే మాట. కూతురు పరీచ్చ, ఈ దినం కరెంటు పోదు అని. పోనేదనుకో, ఎవుడు తియ్యనేదని ఎవుడు సూస్తాడు? రేపు పొలం కాడికెళ్ళి మోటారు ఆపితే ఆ రైతు నన్నేటంటాడు? నీ కూతురికైతే ఉంచినావు అంటాడు. నా కాడ సమాదానం ఉండదు. ఉన్న ఉద్దోగమల్లా అదేనే నాకు, అందరిదీ ఒక్కలాగ తియ్యడం."

ఆయన తువ్వాలు కోసం వెతుక్కుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"మల్లా ఎప్పుడు పెడతారు?"

"నాలుగైదు నెలలు పోయాక."

"పొద్దుటేలేనా?"

"ఏమో. అయ్యుండచ్చు."

నాన్న తువ్వాలు దొరికించుకుని చేతులు తుడుచుకున్నాడు. "ఆ దినం కూడా డ్యూటీ నానే ఏసుకుంటాను" అన్నాడు. "ఇంకెవుడి సేతా తియ్యనీను."

నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నాడు. పొద్దుట్నుంచీ రాని ఏడుపు నాకప్పుడొచ్చింది.